మీరు ఇంట్లో లేకపోయినా పని నడిపించే వస్తువులు

ఏ వస్తువైనా కొనే ముందు నేను ఒక్కటే చూస్తాను. ఇది ఇంటికొస్తే నా పని ఇంకొకరు చేయగలరా? మా ఆయనో, మా అత్తగారో, ఎనిమిదేళ్ల మా అమ్మాయో నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా దీన్ని వాడి పని పూర్తి చేయగలరా? చేయగలిగితేనే అది నాకు సాయం. నా చేతిలో తప్ప పనిచేయని వస్తువు ఎంత అందంగా ఉన్నా నాకు ఇంకో పని తెచ్చిపెట్టినట్టే.

నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. షిఫ్టు డ్యూటీ. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, మధ్యమధ్యలో నైట్లు. ల్యాబులో ఒకరు దిగిపోగానే ఇంకొకరు ఎక్కుతారు. దిగిపోయినవాళ్లకి ఫోన్ చేసి "ఈ ట్యూబు ఎవరిది? ఎప్పుడు తీశారు?" అని అడిగే పరిస్థితి రాకూడదు. తెలియాల్సినదంతా ట్యూబు మీదే రాసి ఉంటుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇల్లు కూడా అలాగే నడవాలని గట్టిగా అనుకున్నాను. తల్లిని అలసగొట్టేది చేతిపని ఒక్కటే కాదు. ఏది ఎక్కడుంది, ఎప్పుడు అయిపోతుంది, ఎవరికి ఏం కావాలి అనే లెక్కంతా ఒక్క బుర్రలో మోయాల్సి రావడం ఇంకా పెద్ద బరువు. ఆ లెక్కలో కొంత వస్తువుల మీదికి దించేయొచ్చు.

కొనే ముందు ఒక వారం రాసుకోండి

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. పక్కనే ఒక పెన్ను దారం కట్టి వేలాడదీయండి. చిన్న అయస్కాంతాలు మాత్రం వాడకండి. పసిపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారు. రెండు మింగితే అవి కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగుల్ని నొక్కేస్తాయి. టేపు చాలు.

ఒక వారం పాటు ఇంట్లో ఎవరు మిమ్మల్ని "అదెక్కడుంది?", "ఇదెంత వేయాలి?", "ఇది ఇంకా బాగుందా?" అని అడిగినా ఆ ప్రశ్నని, అడిగిన టైముని కాగితం మీద రాయండి. వారం తిరిగేసరికి అవే రెండు మూడు ప్రశ్నలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మా ఇంట్లో అవి ఫ్రిజ్‌లో డబ్బాలు, పిల్లల మందులు, సాక్సులు. మీ ఇంట్లో ఇంకేవో కావచ్చు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకి జవాబు చెప్పే వస్తువే మీరు మొదట కొనాల్సింది. ప్రకటన చూసి కాదు, పక్కింటివాళ్లు బాగుందన్నారని కూడా కాదు.

టేపు, మార్కరు

నన్నడిగితే తల్లుల కోసం తయారైన వస్తువులన్నిటికంటే ముందు ఇంటికి రావాల్సింది కాగితపు మాస్కింగ్ టేపు ఒక చుట్ట, చెరిగిపోని మార్కరు ఒకటి. రెండూ ఫ్రిజ్ పక్కనే ఉండాలి. ఇంకో గదిలో డ్రాయర్‌లో పెడితే ఎవరూ వెళ్లి తెచ్చుకోరు. మార్కరు మూత పెట్టి, పసివాడికి అందనంత ఎత్తులో కట్టండి.

డబ్బా మీద రాయాల్సినవి రెండే: లోపల ఏముంది, ఏ తారీఖున పెట్టాం. "ఎప్పటి వరకు వాడొచ్చు" అని రాయాలనిపిస్తుంది కానీ దానికి ప్రతిసారీ లెక్క వేయాలి. ఆ లెక్క చేయలేక అసలు రాయడమే మానేస్తారు. దాని బదులు ఫ్రిజ్ తలుపు మీద ఒక్క నియమం రాసి పెట్టండి: వండినది మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. డబ్బా మీద తారీఖు, తలుపు మీద నియమం ఉంటే ఎవరైనా చూసి తేల్చుకోగలరు.

అంటించే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. టేపుని డబ్బా పొడిగా, మామూలు వేడిలో ఉన్నప్పుడే అంటించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాకి చెమ్మ పట్టి ఉంటుంది, దాని మీద టేపు నిలవదు. అంటించే ముందు ఒక కొసని అర అంగుళం లోపలికి మడవండి. ఆ మడత పట్టుకుని లాగితే టేపు ఒకే ముక్కగా ఊడొస్తుంది, గోరుతో గీకక్కర్లేదు. మూత మీద కాకుండా డబ్బా పక్కన అంటించండి. మూతలు మారిపోతాయి, పైగా ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు పైన రాసింది కనిపించదు.

డబ్బాలు కొంటే లోపలున్నది బయటికి కనిపించేవి, వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేవి కొనండి. వేడి పదార్థం లోతు గిన్నెలో నడుమ చాలాసేపు వేడిగానే ఉండిపోతుంది. లోతు తక్కువ డబ్బాలో త్వరగా చల్లారుతుంది. వండినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. గది వేడి 32 డిగ్రీలు దాటే రోజుల్లో అయితే ఒక్క గంటే. 4 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. అందుకే ఫ్రిజ్‌లో ఒక చిన్న థర్మామీటర్ పెట్టి, లోపల 4 డిగ్రీలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉందో లేదో చూసుకోండి. ఫ్రిజ్ మీటలో ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు.

అన్ని డబ్బాలూ ఒకే సైజులో ఉంటే ఏ మూతైనా ఏ డబ్బాకైనా సరిపోతుంది. కడిగి సర్దేవాళ్లు మూత కోసం వెతుక్కోరు. వేర్వేరు సైజులున్న అందమైన సెట్టు కంటే నాకు ఇదే ఇష్టం.

పిల్లల మందు విషయంలో

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. అలసిపోయిన ఇద్దరు మనుషులు ఒకే పిల్లకి మందు వేసే ఇల్లు చాలా ప్రమాదమైన చోటు. రాత్రి పదింటికి తల్లి ఒక మోతాదు వేస్తుంది. పదకొండింటికి తండ్రి లేచి, ఒళ్లు వేడిగా ఉందని ఇంకో మోతాదు వేస్తాడు. ఎవరి తప్పూ లేదు. మధ్యలో రాసిన కాగితం లేదు, అంతే.

కావాల్సినవి మూడు. మొదటిది నోటి మందుకి వాడే సూది లేని సిరంజి, మిల్లీలీటర్ల గీతలున్నది. వంటింటి చెంచా వద్దు. ఒక్కో చెంచాలో ఒక్కో కొలత పడుతుంది. సిరంజితో అయితే గీత దగ్గర ఆగడం ఎవరికైనా వస్తుంది. మందు లాగాక సిరంజిని కంటి ఎత్తుకి తెచ్చి చూడాలి. పైనుంచి చూస్తే గీత తప్పుతుంది. లోపల గాలి బుడగ ఉంటే కొన పైకి తిప్పి, మెల్లగా తట్టి, బుడగని బయటికి నెట్టి మళ్లీ గీత చూసుకోండి. పిల్లని కూర్చోబెట్టి, సిరంజి కొనని బుగ్గ లోపలి వైపు పెట్టి, కొంచెం కొంచెంగా వదలండి. నేరుగా గొంతులోకి కొడితే పొలమారుతుంది.

మా ఇంట్లో డాక్టరు చెప్పిన మోతాదు ఎంతో, సీసా మీద అదే టేపు ముక్క అంటించి పెద్ద అంకెల్లో రాస్తాను, పిల్ల పేరుతో సహా. ఒకే మందు డ్రాప్స్‌గానూ సిరప్‌గానూ దొరుకుతుంది. రెండిట్లో ఒక మిల్లీలీటరులో ఉండే మందు ఒకటే కాకపోవచ్చు. సీసా మారితే డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి ఎన్ని మిల్లీలీటర్లో మళ్లీ రాయాలి. పాత అంకె కొత్త సీసాకి పనికిరాదు.

రెండోది మందుల డబ్బా పక్కనే ఒక కాగితం. టైము, ఎన్ని మిల్లీలీటర్లు, వేసినవాళ్లు ఎవరు. వేసిన వెంటనే రాయాలి, తర్వాత గుర్తుంచుకుని రాద్దామంటే కుదరదు. మా అత్తగారు కళ్లద్దాలు లేకుండా చదవలేరు కాబట్టి అక్షరాలు పెద్దవిగా రాస్తాం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితమే తీసుకెళ్తాం. "జ్వరం ఎప్పట్నుంచి? ఎన్నిసార్లు వేశారు?" అని అడిగితే ఎవరు తీసుకెళ్లినా జవాబు ఉంటుంది.

మూడోది డిజిటల్ థర్మామీటర్. ఇంట్లో ఇంకా పాదరసం గాజు థర్మామీటర్ ఉంటే దాన్ని వాడడం ఆపండి. పాదరసం మీద 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం ప్రకారం అలాంటి థర్మామీటర్ల తయారీని 2020 నాటికి ఆపాలని నిర్ణయించారు. దాన్ని చెత్తబుట్టలో మాత్రం వేయకండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. డిజిటల్‌ది చంకలో పెడితే ఒంట్లోని అసలు వేడి కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది. కాబట్టి అంకెతో పాటు "చంక" అని కూడా రాయండి. మూడు నెలలు నిండని పసిబిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంట్లో మందులతో ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ అంకెని థర్మామీటర్ డబ్బా మీద రాసి పెట్టండి. అర్ధరాత్రి కంగారులో ఎవరికీ గుర్తురాదు.

ఇవన్నీ తాళం వేసిన చోట, ఎత్తులో. తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి.

టైమర్

ఫోన్‌లో టైమర్ ఉంటుంది కదా అంటారు. ఫోన్ నాతో పాటే పక్క గదిలోకి వస్తుంది, నాతో పాటే డ్యూటీకి వెళ్తుంది. వంటింటి టైమర్ వంటింట్లోనే ఉంటుంది. అది మోగితే అక్కడున్నవాళ్లు పొయ్యి ఆపుతారు. తేడా అంతే, కానీ అదే ముఖ్యం.

కీ తిప్పే పాతరకం టైమర్ కొనండి. తిప్పడం ఎవరికైనా వస్తుంది, బ్యాటరీ ఉండదు. బ్యాటరీ గురించి ఎందుకంటున్నానంటే చిన్న డిజిటల్ టైమర్లలో, రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో బిళ్లలాంటి బటన్ సెల్స్ ఉంటాయి. పసివాళ్లు అది మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. డిజిటల్‌దే కావాలంటే బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నదే తీసుకోండి. పిల్ల మింగిందేమో అని అనుమానం వచ్చినా చాలు, ఏడుస్తుందా నొప్పంటుందా అని చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

పిల్లలకి ఇంకో రకం ఉంది. రంగు బిళ్ల నెమ్మదిగా తగ్గిపోతూ, ఎంత టైము మిగిలిందో కంటికి చూపించే గడియారం. గడియారం చదవడం రాని వయసులో "ఇంకో పది నిమిషాలు" అంటే వాళ్లకి అర్థం ఉండదు. రంగు తగ్గడం మాత్రం కనిపిస్తుంది. ఆట ఆపమని నేను పదిసార్లు అరవక్కర్లేదు, రంగు అయిపోయిందని మా చిన్నవాడే వచ్చి చెప్తాడు.

వేడిగా ఉంచే పాత్ర

స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ 1892లో రెండు గోడల మధ్య గాలి తీసేసిన పాత్ర తయారుచేశాడు. విపరీతంగా చల్లబరిచిన వాయువుల్ని నిలవ ఉంచడం కోసం. ల్యాబుల్లో ద్రవ నైట్రోజన్ పోసే పాత్రని ఇప్పటికీ డ్యూవార్ అనే అంటారు. ఇంట్లో మన ఫ్లాస్కు అదే. నడుమ గాలి లేకపోతే వేడి ఆ ఖాళీని దాటడం చాలా కష్టం, అందుకే చల్లనిది చల్లగా, వేడిది వేడిగా ఉంటుంది.

వెడల్పు నోరున్న స్టీలు ఫ్లాస్కు తిండికి మంచిది. చెంచా లోపలికి వెళ్తుంది, చెయ్యి పెట్టి కడగొచ్చు. మధ్యాహ్నానికే చల్లారిపోతోందని చాలామంది ఫ్లాస్కుని తిట్టుకుంటారు. కారణం చాలాసార్లు ఇదే: చల్లటి స్టీలు గోడ తిండిలోని వేడిని లాగేస్తుంది. అందుకని ముందు మరిగే నీళ్లు నిండా పోసి, మూత బిగించి, పది నిమిషాలు వదిలేయండి. ఆ లోపు తిండిని పొగలు వచ్చేదాకా వేడి చేయండి. నీళ్లు పారబోసి వెంటనే తిండి నింపండి. గొంతు దాకా నింపాలి. సగం ఖాళీగా ఉంటే వేడి త్వరగా పోతుంది. నీళ్లు పోసే పని రాత్రి పడుకునే ముందు చేయొచ్చా అని మా ఆయన అడిగారు. ప్రయోజనం లేదు, నింపే ముందే చేయాలి.

చిన్నపిల్లల చేతికి ఇచ్చే ఫ్లాస్కు మూత వాళ్లంతట వాళ్లు తీయగలరో లేదో ఇంట్లోనే చూడండి. లోపలి వేడి తగ్గేకొద్దీ మూత బిగుసుకుంటుంది. వేడి తిండి పెట్టి, మధ్యాహ్నం దాకా ఆగి, పిల్ల చేత తీయించి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మూత లోపలి రబ్బరు రింగు ప్రతిసారీ బయటికి తీసి కడగాలి. వాసనంతా అక్కడే ఉంటుంది.

పాల సీసా విషయం ఒక్క మాట. పసిబిడ్డ పాలని మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. సీసా పైకి గోరువెచ్చగా ఉన్నా లోపల ఒకచోట నోరు కాలేంత వేడి ఉండొచ్చు. వెడల్పు గిన్నెలో వేడి నీళ్లు పోసి అందులో సీసా నిలబెడితే సరిపోతుంది. ఇచ్చే ముందు మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడండి.

బట్టలు

సాక్సులకి జల్లెడలా ఉండే జిప్పు సంచి, ఒక్కో మనిషికి ఒక్కో రంగు. విప్పిన సాక్సులు నేరుగా ఆ సంచిలోకి, సంచి మొత్తంగా మెషీన్‌లోకి, ఆరాక మళ్లీ ఎవరి సంచి వాళ్ల చేతికి. జతలు కలపడం అనే పనే ఉండదు. సంచి సగానికి మించి నింపితే మాత్రం మురికి వదలదు.

మరకల సంగతి రసాయనశాస్త్రమే చెప్తుంది. రక్తం, పాలు, గుడ్డు మరకల్లో ఉండేది ప్రొటీన్. వేడి నీళ్లు తగిలితే అది గడ్డకట్టి దారాల్లో పట్టుకుపోతుంది. ముందు చల్లటి నీళ్లు, తర్వాత ఎంజైములున్న సబ్బుపొడి. నూనె మరకకి గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క రుద్దాలి. ఈ రెండు ముక్కలూ బట్టల బుట్ట పైన గోడ మీద అంటించేస్తే మరక చూసినవాళ్లే అప్పటికప్పుడు మొదలుపెడతారు. మెషీన్‌లో వేసే సబ్బు గుళికలు వాడే ఇళ్లలో వాటిని ఎత్తులో పెట్టండి. పసివాళ్లకి అవి మిఠాయిల్లా కనిపిస్తాయి.

పిల్లల ఎత్తుకి

గోడ కొక్కేలు పిల్లల భుజం ఎత్తులో బిగించండి. పెద్దవాళ్ల ఎత్తులో ఉన్న కొక్కేనికి సంచి తగిలించేది ఎప్పుడూ అమ్మే. అలాగే సింకు దగ్గర ఒక ముక్కాలి పీట, కాళ్లకి రబ్బరు ఉన్నది, అడుగు వెడల్పుగా ఉన్నది. చేతులు కడుక్కోవడం, మొహం కడుక్కోవడం, గ్లాసు కడగడం వాళ్లే చేసుకుంటారు. తేలిగ్గా జరిగే పీట అయితే పొయ్యి దగ్గరికి కూడా లాక్కెళ్తారు, కాబట్టి కొంచెం బరువున్నదే చూడండి.

1940ల చివర్లో మేరియన్ డోనోవన్ అనే అమెరికా తల్లి, పసిబిడ్డల గుడ్డల తడి పక్కకి పాకుతోందని, స్నానాల గది కర్టెన్ ముక్కతో పైన వేసే తొడుగు కుట్టింది. 1951లో దానికి పేటెంట్ వచ్చింది. అందులో నాకు నచ్చింది నీళ్లు కారకపోవడం కంటే, పిన్నీసుల బదులు ఆమె పెట్టిన ప్రెస్ బటన్లు. పిన్నీసు పెట్టాలంటే బిడ్డకి గుచ్చుకుంటుందేమోనని ఎవరైనా జంకుతారు. ప్రెస్ బటన్ అలా కాదు, తండ్రైనా అక్కైనా నొక్కేస్తారు. పిల్లల బట్టలు, బూట్లు కొనేటప్పుడు కూడా నేను ఇదే చూస్తాను: బిగింపు ఎలాంటిది, పిల్ల తానే వేసుకోగలదా.

కొన్నాక

కొట్లోనే చూడాల్సింది ఒకటుంది. కడగడానికి ఎన్ని ముక్కలుగా విడదీయాలి? రెండు మూడు అయితే సరే. అంతకు మించితే దాన్ని వాడినంతసేపు కడగడానికే పడుతుంది, ఆ కడిగే పని ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు.

తెచ్చాక రెండు వారాలు అందరికీ కనిపించేచోట బయటే ఉంచండి. ఒకసారి చేసి చూపించండి, తర్వాత పక్కన నిలబడి వాళ్ల చేత చేయించండి. మధ్యలో చెయ్యి పెట్టి లాక్కోకండి, మీకంటే నెమ్మదిగా చేసినా సరే. అప్పటికీ మీరు తప్ప ఎవరూ ముట్టుకోవట్లేదంటే ఎందుకో అడగండి. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. మూత గట్టిగా ఉంది, ఏ మీట నొక్కాలో తెలియట్లేదు, అక్షరాలు కనిపించట్లేదు. మా అత్తగారు మెషీన్ జోలికి వెళ్లకపోవడానికి కారణం దాని మీదున్న బొమ్మలు అర్థం కాకపోవడమే. రోజూ వాడే మీట పక్కన ఎర్ర టేపు చుక్క పెట్టాక ఆవిడే వేస్తున్నారు. అలా తీరే కారణమైతే తీర్చి ఉంచుకోండి. తీరనిదైతే అల్మారాలో దాచకుండా, దాన్ని వాడే ఇంటికి ఇచ్చేయండి.